ఎనిమిది మందికి ఒక్క రాక్షసి

నవంబర్ 2, ఆదివారం

రోనాల్డ్ గాడు ఇయ్యాల మళ్ల పరువు తీసుకున్నడు. చర్చి అయినంక బొల్లారంల వాడింట్ల గేమ్ పెట్టవట్టి రెండేండ్లాయె. కాగితం మీద మన మనుషులు, చేతుల పాచికలు. కథ చెప్పేది వాడు, రాక్షసులను ఆడించేదీ వాడే. ఆడేటోళ్లం ఎనిమిది మందిమి. నెల రోజులు భయపెట్టిన గుహ రాక్షసి ఒక్క దెబ్బ కొట్టకముందే సచ్చింది. ఎనిమిది మంది తలా ఒకటి పీకితే ఇంకేం మిగుల్తది? సమాధికి ఆర్డర్ ఇయ్యాల్నా అని అడిగిన. వాడి చెవులు ఎర్రబడ్డయి.

నవంబర్ 9, ఆదివారం

ఈసారి కొత్త రాక్షసిని తెచ్చి దాని ప్రాణం మూడింతలు పెంచిండు. రెండున్నర గంటలు కొట్టినం. బండ కొట్టినట్టే ఉండె. తన వంతు వచ్చేలోపల కల్పలత ఫోన్ల చీర ఆర్డర్ పెట్టింది. నేను రాక్షసి బొమ్మకు 'నిద్రమాత్ర' అని చీటీ అంటించిన. అందరు నవ్విండ్రు, వాడు తప్ప. మంది ఎక్కువైండ్రు, ఒకర్ని తీసేస్తా అన్నడు. చూసింది నన్నే.

అదే రోజు, సాయంత్రం 7

నన్ను తీసేస్తడంట! ఇంటర్ ఫెయిలైనోన్ని టీచర్ల నడుమ కూసోబెట్టి, నీ వంతు యేసురాజన్నా అనే జాగ ఇదొక్కటే నాకు. మిగతా వారమంతా ఫంక్షన్ హాల్ల, ఏయ్ సూపర్‌వైజర్, పెరుగేది అని కేకలే.

నవంబర్ 10

ఫోన్ చేసి తిట్టిన. తప్పు మందిది కాదురా, నీ వడ్డనది అన్న. లైన్ పెద్దదైతే గిన్నె పెంచుతవా, గరిటెలు పెంచుతవా అన్న. అయితే వచ్చే వారం నువ్వే నడుపు అన్నడు. ఎవ్వరు ఫోన్ ముట్టకుంటే ఉండు, ముట్టిండ్రా, నడువు.

నవంబర్ 16, ఆదివారం

గెలిచిన.

ఒక్క పెద్ద రాక్షసి లేదు. ఎనిమిది మంది చిన్న దొంగలు, మునుగుతున్న పడవ. కొందరు కొట్టాలె, కొందరు నీళ్లు తోడాలె. వంతుకు ఒక్క నిమిషం, తర్వాతి వంతు ఎవరిదో ముందే నేను కేకేసుడు. కల్పలత ఫోన్ కాదు, చాయ్ సుత ముట్టలే.

కాని మా హాల్ల ఒక పద్ధతుంది. ఏ టేబుల్ కాడ లొల్లుంటే వడ్డించేటోళ్లందర్ని ఆడికే తోల్త. ఇయ్యాల లొల్లి చేసింది రోనాల్డ్. వాడు సుత ఆడేటోడే కదా ఇయ్యాల. దొంగలందర్ని వాడి మీదికి తోలిన. కసి సుత ఉండె, అబద్ధమెందుకు.

అడ్డం మేబెల్ ఆంటీ వచ్చింది. రిటైర్డ్ టీచర్. ఆమె ఆడేది డాలు పట్టుకునే సైనికున్ని, పేరు సామ్యేలు. పోయిన మొగుని పేరది. ఎనిమిది దెబ్బలు ఒక్కని మీద పడ్డయి. చెయ్యెత్తే వంతు రాకముందే సామ్యేలు పోయిండు. గరిటెలు లెక్కేసిన గాని, అన్నీ ఒక్క పళ్లెంల పడితే ఏమైతదో లెక్కెయ్యలే.

ఆంటీ కాగితం మడిచి బ్యాగుల పెట్టుకుంది. రెండేండ్లు కాపాడుకున్న, నిమిషంల తీస్తివి కదరా, నీ చేతులు పడిపోను అన్నది. మళ్ల రాను అన్నది.

నవంబర్ 17

రోనాల్డ్ ఫోన్. నీ లెక్క మంచిగుంది అనేటందుకు శాన తక్లీఫ్ పడ్డడు. ఆంటీ రాకుంటే నువ్వు సుత రాకు అనేటందుకు అస్సలు పడలే.

నవంబర్ 19

కాప్రాల ఆంటీ ఇంటికి పోయిన. సామ్యేలుకని తమాషకు ఒక పూలదండ కొన్న, ఆంటీ గేటు చూసినంక మోరీల పారేసిన. గ్రిల్ తాళం తియ్యలే. తప్పైంది ఆంటీ అన్న. కుక్కను వదుల్తా అన్నది. ఆమెకు కుక్క లేదు. ఆటల కొత్త మనిషిని రాసుకునే ఖాళీ షీటొకటి గ్రిల్‌లకెల్లి తోసి వచ్చిన.

నవంబర్ 20

ఏం లేదు.

నవంబర్ 22, శనివారం

వాట్సాప్‌ల ఆంటీ పంపిన షీటు ఫోటో, నింపింది. పేరు: రోసమ్మ. పని: కిరాయికి మనుషులను చంపుడు. శత్రువు: యేసురాజు. కింద ఎర్ర పెన్నుతోని: రేపు మూడింటికి వస్తున్న, నీ కుర్చీల నువ్వుండు.