ఏడో మెట్టు

తుంగపల్లి, కణేకల్ మండలం,
15-9-2025, సోమవారం.

చిరంజీవి జ్యోతిలక్ష్మికి,

అవ్వ ఆశీస్సులు. మీ నాయన మోకాలినొప్పి మినహా ఇక్కడ అందరం కుశలం. నువ్వూ కుశలమని రాశావు గానీ పూటకు సరిగా తింటున్నావో లేదో రాయలేదు. రాయి.

మీ సముద్రపు ఒడ్డున నాటిన మడ మొక్కలు సగం చచ్చాయని, ముందు పోటు నీళ్లకు దారి తెరవాలని అక్కడి జాలరులు పట్టుబడుతున్నారని రాశావు. వాళ్ల మాట విను. మన మడుగుకూ అదే జబ్బు. రోడ్డు కట్ట వాగుకు అడ్డం పడినప్పటి నుంచి తుంగ పోయి సర్కారు తుమ్మ మొలిచింది. కట్ట కింద రెండు తూములు పెట్టి వాగును మడుగులోకి వదలమని ఊరంతా అర్జీ పెట్టాం. గురువారం విచారణ. ఓడిపోతే మడుగును బంజరుగా రాసి సోలార్ కంపెనీకి ఇచ్చేస్తారు.

మనకు అడ్డం పడుతున్న పాత కాగితం ఎవరిచ్చారని అడిగావు. చెబుతాను.

నిన్న ఇంజనీరు బడి అరుగు మీద దాన్ని చదివాడు. "2010 నాటికే ఈడ పదేండ్లుగా నీళ్లు నిలవలేదని మీ ఊరోళ్లే రాసిచ్చినారు కదప్పా."

గొర్రెల తిప్పయ్య లేచాడు. "యాడ నిలవలేదు సారూ? నా గొర్రెలు తాగింది నీ బాటిల్ నీళ్లా?"

అందరూ నవ్వారు. తుంగచాపలు అల్లే పని పోయి రాయదుర్గంలో జీన్సు కుడుతున్న అక్కమ్మ నవ్వలేదు. "రాసినోళ్లు ఎవురో గాని, వాళ్లింట్లో నేనల్లిన చాప ఉండాది. దాని మీదనే పండుకుంటాండారు."

ఇంజనీరు సంతకం చదవలేదు. గురువారం చదువుతాడు.

జ్యోతీ, ఆ చాప మీదే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. సంతకం నాది.

2010లో సర్పంచి ఎర్రప్ప బడికి వచ్చాడు. "మేడమ్మా, నీళ్లుండాయంటే రోడ్డు ఇప్పట్లో పడదు. లేవని హెడ్మాస్టరమ్మ రాసిస్తే ఈ యేడే బస్సొస్తుంది" అన్నాడు. అప్పుడు నువ్వు ఐదో తరగతి. హైస్కూలు రాయదుర్గంలో. బస్సు లేక మీ అత్త చదువు ఐదుతోనే ఆపాను. నీదీ ఆపలేక రాసిచ్చాను. వాగు సంగతి ఆలోచించలేదు.

ప్రతి సోమవారం నిన్ను మడుగుకు పంపి, నీళ్లలో ఎన్ని రాతిమెట్లు మునిగాయో పుస్తకంలో రాయించేదాన్ని. ఒకసారి ఆరని రాశావు. అంతకు ముందే నేను చూసి వచ్చిన లెక్క ఏడు. బెత్తంతో కొట్టి మళ్లీ పంపాను. ఏడుస్తూ పోయి వచ్చి, ఏడని దిద్దావు. నిన్న పుస్తకం తీసి చూశాను. ఆ తేదీ ఆగస్టు 23. నేను కాగితం రాసిచ్చింది ఆ మర్నాడు.

"పదహైదేండ్లాయ. ఇప్పుడెందుకమ్మా? ఊర్లో తలెత్తుకొని తిరగొద్దా?" అంటున్నాడు మీ నాయన. అయినా గురువారం ఇంజనీరు కాగితం తీయకముందే నేను లేస్తాను. నా పేరు నేనే చదివి, నీ పుస్తకం వాళ్ల ముందు పెడతాను. అక్కమ్మకు మాత్రం రేపే, వాళ్లింటికి పోయి చెబుతాను. ఇది నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. నువ్వు ఆపాలన్నా ఆపలేవు.

ఒక్క మెట్టు తప్పినందుకు నిన్ను కొట్టాను. ఏడు మెట్లూ మింగిన నన్ను ఇన్నేళ్లూ ఊరు మేడమ్మా అనే పిలిచింది.

ఇట్లు,
బెత్తం పట్టిన మీ అవ్వ,
రామాంజినమ్మ