టీకా పెట్టె

చిరంజీవి హేమకు అమ్మ దీవించి రాయునది.

నేనూ మీ నాన్నా ఇక్కడ క్షేమం. అక్కడ నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. క్షేమం కాని సంగతి ఒకటుంది, అది కింద రాస్తాను. ముందే రాస్తే నాకు చెయ్యి సాగదు. ఫోన్ చేస్తే "క్లాసులో ఉన్నానమ్మా" అని పెట్టేస్తున్నావు. అందుకే ఈ కాగితం చేపల వ్యాను గంగాప్రసాద్‌కి ఇస్తున్నాను. పటమటలో సరుకు దించి నీ హాస్టల్లో ఇస్తానన్నాడు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు చెబుతాను. మీ నాన్న మళ్ళీ వేటకి వెళ్తున్నాడు. మీ అన్నయ్య నాగబాబుని సముద్రం తీసుకున్నాక ఆయన వల ముట్టుకోవడం ఇదే మొదలు. వెళ్ళేటప్పుడు నా మొహం చూడడు, నేనూ ఆయన మొహం చూడను. అన్నయ్య చొక్కాలు ఎవరికైనా ఇచ్చేశావా అన్నావు. ఇవ్వలేదు. అప్పుడప్పుడూ ఉతికి ఆరేసి, మడతపెట్టి మళ్ళీ పెట్టెలో సర్దుతున్నాను. వేసుకునేవాడు లేకపోయినా బట్టకి ఎండ తగలాలి కదా.

సన్యాసమ్మ అత్త గేదె కోలుకుందా అని అడిగావు. లేదమ్మా. నువ్వు చూసి వెళ్ళిన మర్నాడే పోయింది. వాపు గొంతు నుంచి దవడల దాకా పాకింది. దాని గురక మన ఇంటికి వినపడేది. తర్వాత చివరింటి వాళ్ళ దూడ పోయింది. రెండూ వేసవి సెలవుల్లో నువ్వు టీకా వేసినవే.

పేటలో ఏమనుకుంటున్నారో దాచకుండా రాయమన్నావు, రాస్తున్నాను. కుళాయి దగ్గర నేను వింటుండగానే సన్యాసమ్మ అంది: "టీకా వెయ్యని గొడ్లు మేస్తానే ఉన్నాయి. ఏసినయ్యే పోయినయ్యి. ఆ పిల్ల చెయ్యే అలాంటిది. అన్నకి చద్దన్నం మూటగట్టి పంపిందీ ఆ చెయ్యేగా, ఆడు తిరిగొచ్చాడా?" నేను బిందె సగమే పట్టుకుని వచ్చేశాను.

సూది ఎక్కడ తప్పు గుచ్చానో తెలియడం లేదమ్మా అని రాశావు. నా చేతికి పశువుల్ని ముట్టుకునే యోగం లేదు, సోమవారం చదువు మానేస్తానని చెప్పి బీసెంట్ రోడ్డులో బట్టల కొట్లో చేరతాను అని కూడా రాశావు. ఆ ముక్క మీ నాన్నకి చదివి వినిపించలేదు. చిన్నప్పుడు రెక్క విరిగిన బాతుకి పుల్ల కట్టి బతికించిన పిల్లవి. పశువైద్యం చదువులో సీటు వచ్చిందని నిన్ను భుజం మీద ఎత్తుకున్నాడు నాగబాబు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొన్న పశువుల డాక్టరు రామకోటేశ్వరరావు గారు మళ్ళీ టీకాలు వేద్దామని వచ్చారు. ఒక్కరు కూడా గొడ్డుని పట్టుకోలేదు. పాపం, ఎండలో తిరిగి తిరిగి మన అరుగు మీద కూర్చున్నారు. మంచినీళ్ళిస్తూ ఆయన టీకా పెట్టెలోకి చూశాను. ఐసు ఒక పక్క, సీసాలు ఒక పక్క, మధ్యలో మందంగా కాగితాలు.

"సీసాలు ఐసులోనే పెట్టరాండీ?" అన్నాను.

"పెట్టకూడదమ్మా. ఈ గొంతువాపు మందు చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిందా, మళ్ళీ కరిగినా పనిచెయ్యదు. పారబొయ్యడమే."

ఆ మాట ఆయన చేత మళ్ళీ చెప్పించుకున్నాను, హేమా.

వేసవి సెలవుల్లో ఆ సాయంత్రం నువ్వు మందు సీసాలు తెచ్చావు. "ఐసు పెట్టి ఉంచమ్మా, తెల్లారేదాకా చల్లగా ఉండాలి" అని నాకు అప్పజెప్పి, పొద్దున్నే గొడ్లని వదలొద్దని చెప్పడానికి ఇల్లిల్లూ తిరగడానికి వెళ్ళావు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాగబాబుని ఐసు మీద పడుకోబెట్టిన రోజు నుంచి నేను ఐసు ముట్టలేదు. చేపలమ్మడం మాని తట్ట దించేసింది అందుకే. నీకోసం ముట్టాను. ముట్టాక నా చేతులు వాటికి తెలిసిన పని అవి చేసుకుపోయాయి. ఒక వరస ఐసు, ఒక గుప్పెడు కల్లుప్పు, మళ్ళీ ఐసు, మళ్ళీ ఉప్పు. రొయ్యలకి వేసినట్టే. ఉప్పు పడితే చలువ పెరిగి రొయ్య రాయిలా నిలుస్తుంది. మధ్యలో నీ సీసాలు పెట్టాను.

పొద్దున్నే చూస్తే మందు రాయిలా గడ్డకట్టింది. నువ్వు దొడ్లో మొహం కడుక్కుంటున్నావు. నాకేమీ భయం వేయలేదు. రొయ్య కరిగితే రొయ్యే కదా అనుకున్నాను. సీసాలు పొయ్యి దగ్గర అరచేతుల మధ్య పెట్టుకుని కరిగించి, ఉప్పు కడిగేసి, వేరే ఐసు వేసి నీ చేతికిచ్చాను. అందుకే నీకు తెలియలేదు. నీ సూది సరిగ్గానే పడింది తల్లీ. సూదిలో ఉన్నదే మందు కాదు.

డాక్టరు గారికి అప్పుడే చెప్పేశాను. "వానలు ఇంకా ఉన్నాయమ్మా. ఆ సీసాల మందు పడ్డ గొడ్లన్నిటికీ మళ్ళీ వెయ్యాలి. జరిగింది తెలిస్తే గానీ ఎవరూ పట్టుకోరు. నన్ను చెప్పమంటారా?" అన్నారు ఆయన. నేనే చెబుతానన్నాను.

మీ నాన్న ఒప్పుకోలేదు. "చెబితే ఇంటి మీదకొస్తారు. పోయిన గొడ్లు తిరిగొస్తాయా? ఊరుకో."

"గొడ్లు రావు. పిల్ల వస్తుంది" అన్నాను.

నిన్న పొద్దున సన్యాసమ్మ గుమ్మం ముందు నిలబడి, ఆడవాళ్ళందరూ వింటుండగా చెప్పాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. ఆపింది.

"ఉప్పేశావా?"

"ఏశాను వదినా."

"రొయ్యలకి ఏసినట్టే?"

"అట్టాగే."

చివరింటామె నిట్టూర్చింది. "నేనున్నా ఏసేదాన్నేలే."

"నువ్వెయ్యలేదుగా" అని సన్యాసమ్మ ఆమె మీద విరుచుకుపడి, నా వైపు తిరిగింది. "నా గేదె గురక నీకు వినపడిందా వదినా? నాకింకా వినపడతానే ఉంది. ఇకన నా గుమ్మం తొక్కమాక."

సరేనని వచ్చేస్తున్నాను. వెనక నుంచి పిలిచింది. పేరుతో పిలవలేదు. "ఇదిగో, నీ కూతురికి కబురుచెయ్యి. నా పెయ్యకి సూదెయ్యాల. ఇంకెవురూ కాదు, ఆ పిల్లే రావాల. దాన్ని నేనన్న మాట నలుగురూ విన్నారు. నలుగురూ చూస్తుండగానే ఏయించుకుంటా."

ఆమె పెయ్యని పట్టుకుంటే మేమూ పట్టుకుంటామని మిగతావాళ్ళు అన్నారు. ఆమె పట్టుకునేది నువ్వు వస్తేనే. ఆదివారం డాక్టరు గారు మందు తెస్తారు. మీ కాలేజీకి తానే ఫోన్ చేసి, పిల్ల తప్పేమీ లేదని చెప్పారట. నిన్నటి నుంచి ఇక్కడ వాన ఆగలేదు. ప్రతి ఇంట్లోనూ గొడ్ల గొంతులు తడిమి చూసుకుంటున్నారు. పామర్రు మీదుగా వచ్చే మొదటి బస్సు ఎక్కు. నా మీద కోపం వస్తే రానీ, ఎన్నాళ్ళయినా ఉంచుకో, కానీ ఆదివారం రావడం మాత్రం మానకు. సూది వేసేటప్పుడు డాక్టరు గారు నీ పక్కనే ఉంటారు. నేను ఉండను. సన్యాసమ్మ గుమ్మం తొక్కవద్దంది, తొక్కను. అన్నం వండి ఇంట్లోనే కూర్చుంటాను. అన్ని ఇళ్ళూ పూర్తిచేసుకునే రా.

ఇట్లు,
ఆదివారం దాకా నిద్రపట్టని
మీ అమ్మ
సుధామణి