నలభై నిమిషాలు ఎక్కువ

మా ఇంటి మహారాణికి,

ఇక్కడ నేనూ, అమ్మా, బుడ్డదీ కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. అందులో విమానం నడిపే కెప్టెన్‌గారి ఊసు ఆరుసార్లు, నా ఊసు రెండుసార్లు. లెక్కపెట్టానని నవ్వుకోకు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. బుడ్డదానికి ముందు పన్ను ఊడింది. నువ్వు వచ్చేలోపు మొలుస్తుందా అని రోజూ అద్దం ముందు నిలబడుతోంది. ఇక మన రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంతని అడిగావు. ఏడు వేల రెండువందల కిలోమీటర్లు. నీ వైపు వచ్చేటప్పుడు గాలి ఎదురు, అందుకే తొమ్మిదిన్నర గంటలు. ఇటు వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి నెడుతుంది, ఎనిమిదిన్నరకే దిగుతారు. ఆ దారి కాగితం మీద గీసి ఇచ్చేది నేను. వారం వారం ఎగిరొచ్చి నీతో టీ తాగేది ఆ కెప్టెన్. అక్కడి విమానాశ్రయం వైద్యగదిలో నువ్వు నర్సుగా చేరి పదకొండు నెలలైతే, నేను నిన్ను చూసింది ఒక్కసారి. నువ్వు జుట్టు కత్తిరించుకున్న సంగతి ఆయన చెబితే తెలియాలా నాకు?

ఆ మంగళవారం విమానం ఎందుకు ఆలస్యమైందని కూడా అడిగావు. బుడ్డదాని పుట్టినరోజు గౌను ఆయన చేతికిద్దామని కాచుకుని, డ్యూటీ వేళై వెనుదిరిగానన్నావు. తుపాను వల్ల అని అందరికీ చెప్పాను. ఫోన్లో అయితే నీకూ అదే చెప్పేవాణ్ణి. అందుకే కాగితం పట్టాను.

తుపాను పొద్దున్నే చెదిరిపోయింది. ఆ కబురు నా బల్లమీదే ఉంది. అయినా తుపానును చుట్టి వెళ్ళే, నలభై నిమిషాలు ఎక్కువ పట్టే దారే ఆయనకిచ్చాను. ఇంధనం సరిపడా వేయించాను, ప్రమాదమేమీ లేదు. నీ విరామం అయిపోయాక ఆయన దిగాలి, అంతే నా పంతం. ఆయన నన్ను నమ్మి సంతకం పెట్టాడు.

అక్కడ విమానం మారాల్సిన ఒక ప్రయాణికుడికి రెండోది అందలేదట. తండ్రికి ఆపరేషను. ముందుగా ఒక్కసారి కళ్ళారా చూద్దామని బయల్దేరాడట. మరునాడు చేరేసరికి తండ్రి లేడు. తిరిగొచ్చాక కెప్టెనే చెప్పాడు, నా తప్పని తెలియక.

రెండు రోజులు దాచాను. మూడోనాడు మా ఆఫీసరుకి చెప్పేశాను, తర్వాత కెప్టెన్‌కి. ఆయన టోపీ తీసి బల్లమీద పెట్టి, నెమ్మదిగా అన్నాడు.

"నామీద కోపముంటే నన్ను తిట్టాల్సిందండీ. నా వెనక కూర్చున్నవాళ్ళేం చేశారు?"

విచారణ తేలేదాకా నన్ను సామాను చీటీలు సరిచూసే చోట వేశారు. ఆ ప్రయాణికుడికి క్షమాపణ రాసి ఆఫీసులో ఇచ్చాను. పంపుతారో లేదో.

అసూయ చచ్చిందని అబద్ధం రాయను. ఆయన బూట్ల చప్పుడు వింటే ఇప్పటికీ తల తిప్పుకుంటాను. అది నా జబ్బు, నేనే పడాలి.

వచ్చే నెల పదో తారీఖున బుడ్డదాన్ని తీసుకుని వస్తున్నాను. ఆ రోజు నడిపేది ఆయనే, ఆయన్ని అడిగే ఎక్కుతున్నాను. నిన్ను చూడగానే అది పరుగెత్తుకొస్తుంది. నేను సామాను దగ్గర ఆగుతాను. పిలిస్తే వస్తాను.

ఇట్లు,
బుద్ధి గడ్డి తిన్న
మీ ఆయన