చెవిలో చెప్పిన పేరు

ఏమయ్యా,

నువ్వు చదవవు, నేను రాయలేను. పక్కింటి పిల్ల చేత రాయిస్తున్నాను.

మన మనవరాలు లక్ష్మికి కొడుకు పుట్టాడు. తొలి మగపిల్లాడు కదా, నీ పేరే అనుకున్నాను. ఈ మలేసియా ఊళ్లో, సుంగై సిపుట్‌లో, మనింటి నిండా జనం. బారసాల పీటల మీద కూర్చుని, దాని స్కాట్లాండ్ మొగుడు తన ముత్తాత పేరు చెప్పాడు. రూరీ అట!

"ఇదేం పేరే? ఈదంతా పూరీ అంటారు. తాత పేరెట్టు!" అని అరిచాను.

"ఆ పేరెడితే సెవిలో సెప్పాల్సింది పెద్దదానివి నువ్వే లా. తాత పేరు ఎప్పుడైనా పలికినావేటి, అమ్మమ్మా?" అంది లక్ష్మి, ఇక్కడి మలయా వాళ్లలా మాట చివర "లా" తగిలించి.

మొగుడి పేరు పలకకూడదని మా అమ్మ నేర్పింది. కాపురమంతా "ఏమయ్యా" అనే పిలిచాను. నువ్వు పోయాక కూడా పలకలేదు.

వంగి, బిడ్డ చెవిలో మూడుసార్లు రూరీ అన్నాను. ఆ వెనకే, ఎవరికీ వినబడకుండా, నీ పేరూ పలికేశాను. ఉలిక్కిపడ్డది నేనే. బిడ్డ నిద్రలో కదలనైనా లేదు.

నీకు వినబడితే తప్పు పట్టకు. ఆ పేరు పెట్టి నిన్ను పిలిచేవాళ్లు ఇక్కడ ఇంకెవరూ మిగల్లేదు.