కోటు లోపలి జేబు

సోమవారం

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి దీవించి రాస్తున్నాడు. కొంప మునిగింది తల్లీ!

నీ మాట మీద మీ చైర్మన్ గారికి కోటు కుట్టాను కదా. నిన్న మీ ఆఫీసు డ్రైవరు వచ్చి పట్టుకెళ్లాడు. వాడు వెళ్లాక చూస్తే కొలతల చీటీ లేదు. మీ పిన్ని గుండీలు కుట్టి, చీటీ లోపలి జేబుకి గుచ్చింది గుచ్చినట్టే మడతపెట్టి పంపేసింది.

చీటీ పోతే పోయింది, దాని వెనక నా అభిప్రాయాలున్నాయి. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా లోకం గురించి నాలుగు ముక్కలు చీటీల వెనక గిలకడం నాకు ముప్పయ్యేళ్ల అలవాటని నీకు తెలుసుగా. ఆ రోజు ఒళ్లు మండి ఉంది. మీ చైర్మన్ గారు ఊపిరి బిగబట్టి నడుము నలభై అనిపించారు. మాట్లాడటం మొదలెట్టగానే నలభై నాలుగైంది! మళ్లీ కొలిచి రెండో చీటీ రాయాల్సొచ్చింది. ఆ కోపంలో, "ఈయన ఉపన్యాసం ఎలాస్టిక్కు. ఎంత లాగితే అంత సాగుతుంది, వదిలితే మొదటికే వస్తుంది" అని రాశాను. అక్కడితో ఆగానా? "ఇప్పుడాడుతున్న సినిమాలో హీరో వందమందిని కొట్టినా చొక్కా నలగదు, ఆ చొక్కా కుట్టినవాడి పేరు మాత్రం తెర మీద వెయ్యరు" అని కూడా రాశాను.

శుక్రవారం సభకి ఆ కోటే వేసుకుంటారట. ఈలోగా ఎలాగైనా ఆ చీటీ లాగెయ్. నా కొట్టు సంగతి దేవుడెరుగు, నీ ఉద్యోగం ఈ నెలలో పర్మనెంటు కావాలి. నా చేతి దురద వల్ల నీ పొట్ట కొట్టానంటే మీ నాన్నకి మొహం ఎలా చూపించను?

ఇట్లు,
నిద్రాహారాలు మానేసిన బాబాయి

తా.క. ఫోను చెయ్యకు. అది అన్నీ వింటుంది. మొన్న దాని పక్కన కూర్చుని "అబ్బా, నడుం" అన్నాను. సాయంత్రానికల్లా పరుపుల ప్రకటనలు మొదలయ్యాయి. ఉత్తరం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

మరో తా.క. కోటు రెండో గుండీ కొంచెం వదులు. ఆయన్ని గట్టిగా ఊపిరి తీసుకోవద్దని చెప్పు.


మంగళవారం

బాబాయికి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నా పైప్రాణాలు పైనే పోయాయి. కోటు బీరువాలో ఉంది, తాళం పి.ఏ. గారి దగ్గరుంది. "గుండీ వదులుందట సార్, కుట్టేస్తాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "టైపిస్టువి, నీకెందుకమ్మా కోటు గొడవ?" అన్నారు. కంగారులో "లోపల ఏమీ లేదండీ" అనేశాను. అంతే! శుక్రవారం దాకా ఆ కోటు ఎవరూ ముట్టుకోవద్దని రెండో తాళం కూడా వేయించారు.

నా పర్మనెంటు ఫైలు కూడా ఆ బీరువాలోనే, సరిగ్గా కోటు కిందే ఉంది.

ఇట్లు,
భయంతో టైపు చేసిందే మళ్లీ టైపు చేస్తున్న
నీ అమ్మాయి

తా.క. ఆ నలగని చొక్కా హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడెవరో తెలుసా? చైర్మన్ గారే.


బుధవారం

తల్లీ,

దీవెనలు. వచ్చేశారు!

పొద్దున్నే కొట్టుకి మీ చైర్మన్ గారి మనుషులు ఇద్దరొచ్చారు. ఇద్దరికీ నల్లకళ్లద్దాలే. "చైర్మన్ గారి కోటు కుట్టింది నువ్వేనా?" అన్నారు. తలూపాను. "లోపలి జేబు నీ ఐడియానేనా?" అన్నారు. "నాకు ఐడియాలు లేవు బాబూ, ఏనాడూ లేవు" అన్నాను.

అప్పట్నుంచీ అన్నీ మెచ్చుకుంటున్నాను. రోడ్డు మీద గుంట బాగుందన్నాను. టీవీలో అరుచుకునేవాళ్లు సౌమ్యులన్నాను. ఎవరు రాజకీయం ఎత్తినా వాళ్ల నోటికి టేపు అడ్డం పెడుతున్నాను. మీ పిన్ని మాత్రం కాజాలు కుట్టుకుంటూ కిసుక్కున నవ్వుతోంది. దానికి చీమ కుట్టినట్టయినా లేదు!

ఇట్లు,
ఏ అభిప్రాయమూ లేని బాబాయి

తా.క. పోతూ పోతూ ఆ ఇద్దరూ రెండు ప్యాంట్లిచ్చారు, పొడవు తగ్గించాలట. ఇదంతా నన్ను మాటల్లో పెట్టే ఎత్తు.


శుక్రవారం

బాబాయికి,

బతికి ఉండి రాస్తున్నాను, నమస్కారాలు.

ఉపన్యాసం నేనే టైపు చేసి కుడి జేబులో పెట్టించాను. ఆయన చెయ్యి ఎడమవైపు లోపలి జేబులోకి వెళ్లింది. నీ చీటీ బయటికొచ్చింది! కాగితం మీద ఏముంటే అది చదివేయడం ఆయనకి అలవాటు. మైకులో చదివేశారు. నేను కుర్చీ గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"ఈ మనిషి పొద్దున్న లేస్తే లోకాన్ని బాగుచేస్తానంటాడు. ఇంట్లో కుళాయి కారుతుంటే కనబడదు. ఎవరేమడిగినా రేపు అంటాడు. నడుము ఎంత పెరిగిందో ఒప్పుకోడు. ఎదుటివాళ్ల మాట విని ఎన్నేళ్లయిందో!"

సభంతా చప్పట్లే చప్పట్లు! తన గురించి తనే ఇంత నిజం చెప్పిన నాయకుణ్ణి చూడలేదని ముసలివాళ్లు కళ్లొత్తుకున్నారు. ఆయనా కళ్లొత్తుకున్నారు. ఆ ఊపులో ఆఫీసుకొచ్చి నా ఫైలు మీద సంతకం పెట్టేశారు.

ఇట్లు,
పర్మనెంటు అమ్మాయి

తా.క. బాబాయ్, ఎలాస్టిక్కు ఏది? హీరో ఏడి? చీటీ నేను చూశాను. ముందు వైపు నడుము నలభై అని నీ రాతే. వెనక రాత మాత్రం గుండ్రంగా, ముద్దుగా ఉంది. నీది కాదు.


శనివారం

తల్లీ,

దీవెనలు. నీ ఉద్యోగం సంగతి విని ఏడుపొచ్చింది. తర్వాత వేరే ఏడుపొచ్చింది.

నా చీటీ నా కళ్లజోడు పెట్టెలోనే ఉంది. నేను పారేసిన మొదటి చీటీ మీద రాసి, కోటుకి గుచ్చింది మీ పిన్ని. ఆ మనిషి చైర్మన్ గారు కాదమ్మా, నేను.

ముప్పయ్యేళ్లుగా నేను చీటీల వెనక లోకం గురించి రాస్తుంటే, అది పక్కనే కూర్చుని నా గురించి రాస్తోంది. ఒక రేకు డబ్బా నిండా ఉన్నాయట. తాళంచెవి దాని కొంగున ఉంది. చైర్మన్లకీ నల్లకళ్లద్దాలకీ భయపడ్డాను కానీ, అసలు భయమంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఎప్పుడు రాశావే అంటే, "నువ్వు మాట్లాడుతున్నప్పుడు" అంది. సిగ్గేసింది. కుళాయి బాగుచేసేశాను.

ఇట్లు,
మీ పిన్ని మొగుడు

తా.క. అమ్మాయీ, పిన్నిని. కుళాయి ఇంకా కారుతోంది. నల్లకళ్లద్దాల అబ్బాయిలకి చెప్పు, వాళ్ల ప్యాంట్లు రేపు ఇస్తాడట.