కంటి మీద గీత

మార్చి 3
గది ఇరుకు. ఆక్సిజన్ మిషన్ పెట్టాక అన్నయ్య మంచం ఇంకెటూ తిరగదు. కిటికీ తల వెనక పడింది. పెరట్లో ఏదో పిట్ట పొద్దున్నే ఒకటే కూత. అదేంటో చూసి చెప్పవే అన్నాడు. చిన్నది, గోధుమరంగు అన్నాను. అలాంటివి కోటి ఉంటాయి, అవి కళ్లా కాకరకాయలా అన్నాడు. క్లినిక్‌లో డ్యూటీకి లేటయింది. డెంటిస్ట్ మొహం మాడ్చుకున్నాడు.

మార్చి 5
అన్నయ్యని చూసే డాక్టర్ నన్ను బయటికి పిలిచి, ఇక నెల కూడా కష్టమమ్మా అన్నారు. అన్నయ్యకి చెప్పలేదు. తనూ అడగలేదు. లైబ్రరీ నుంచి పిట్టల పుస్తకం తెమ్మన్నాడు.

మార్చి 9
ఇరవై ఆరేళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి. పిట్టకీ రీడింగ్ తీయాలట. తోక పొడవెంత, కాళ్లు ఏ రంగు, ముక్కు సన్నమా మొద్దా. తాళం వేసిన ఇంటికి తనెప్పుడూ అంచనాగా అంకె వెయ్యలేదట, డోర్ లాక్ అని రాసి వచ్చేసేవాడట. తోటివాళ్లు టీ కొట్లో కూర్చుని అంకెలు వేసేవాళ్లని వందోసారి చెప్పాడు. నాకు ఆ పిట్ట మీద ఒళ్లు మండుతోంది. పొదలోంచి బయటికి రాదు. వచ్చినా రెప్పపాటే.

మార్చి 14
పుస్తకంలో ఎంత వడపోసినా రెండు పిట్టలు మిగిలాయి. ఒకే పేజీలో, కవలల్లా. కంటి మీద తెల్ల గీత ఉంటే ఒకటి, లేకపోతే రెండోది.

మార్చి 17
మూడు రోజులుగా అదే ప్రశ్న. ఇవాళ మాట మాటకీ ఆయాసం. గీత ఉందా అన్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డాను. పొద ఊగుతోంది, పిట్ట లేదు. ఉంది అన్నయ్యా, తెల్లగా, స్పష్టంగా ఉంది అన్నాను. ఒక్క గీతకి ఎవరి కొంప మునుగుతుంది.
మంచం పక్కకి వచ్చాక కాసేపు నా మొహమే చూశాడు. పెన్ను అడిగాడు. పాత రీడింగ్ బుక్‌లో ఏదో రాసుకుని మూసేశాడు. బాగా చూశావే అన్నాడు. నాకు సిగ్గేసింది.

మార్చి 18
ఇక పిట్ట ఊసు ఎత్తలేదు.

మార్చి 21
అన్నయ్య పోయాడు. పొద్దున ఏడుంపావుకి. అది కూస్తూనే ఉంది.

మార్చి 29
మిషన్ వాళ్లు వచ్చి పట్టుకెళ్లారు. మంచం కిటికీ వైపు తిప్పాను. ఇప్పుడు తిరిగింది. దాని మీద కూర్చుంటే పిట్ట ఎదురుగా కొమ్మ చివర వాలింది. చాలాసేపు కదల్లేదు. గీత లేదు. అన్నయ్యని తప్పు పేరుతో పంపించానని ఏడ్చాను.

ఏప్రిల్ 2
రీడింగ్ బుక్ తెరిచాను. మార్చి 17. తోక, కాళ్లు, ముక్కు, అన్నీ నేను చెప్పినట్టే రాశాడు.
కంటి మీద గీత: డోర్ లాక్.