మంద పడుకోని చేను

కోటయ్యన్నా,

నువ్వు పోయాక మొదటి కోతలివి. మెట్ట నుంచి మీ గొర్రెల మందని ఈసారి వదినే తోలుకొచ్చింది. ముదినేపల్లి దాటగానే మీ ముసలి పొట్టేలు, ఎవరూ అదిలించకుండానే, మా డొంకలోకి తిరిగింది. మందంతా దాని వెనకే నడిచి, డొంక చివర గట్టు మీద ఆగిపోయింది.

మా చేను ఇప్పుడు చేపల చెరువన్నా. చుట్టూ అందరూ తవ్వేశాక ఊటనీళ్లకి వరి కుళ్లిపోయింది. చివరికి మేమూ లీజుకిచ్చేశాం.

"ఏటా మంద పడుకునేది ఇక్కడే కదమ్మా?" అంది వదిన. నీళ్లకేసి చూపించాను. ఒకప్పుడు ఎరువు కోసం మందని బతిమాలి పిలిచిన ఊళ్లో, ఎంత తిరిగినా ఒక్క ఖాళీ చేను దొరకలేదు.

ఏం చేయాలో తోచక, మా చేలో రాత్రికి మంద కట్టిన రోజు నీకు పంపినట్టే అన్నం, గోంగూర పప్పు క్యారేజీలో సర్ది తీసుకెళ్లాను. వదిన ముట్టుకోలేదు.

"మంద పడుకోకుండా చేనోళ్ల అన్నం తినగూడదనేవోడు మీ అన్న. ఏమీ అనుకోమాకమ్మా."

మంద గుడివాడ రోడ్డెక్కింది. పొట్టేలు మాత్రం గట్టు దిగనంది. దాన్ని కొమ్ములు పట్టుకుని వదినే లాక్కెళ్లింది. ఇంటికొచ్చేసరికి క్యారేజీ ఇంకా వేడిగానే ఉందన్నా.